మెంతులు వేడా, చలువా?

రెండు నెలల క్రిందట ఈ శీర్షికలోనే ఎండాకాలపు భోజనాన్ని గురించి ముచ్చటిస్తూ, "మెంతులు నానవేసి మజ్జిగలో కలుపుకుని తాగితే చలువ" అని ఒక వాక్యం వ్రాశాము. అది వ్రాయటానికి మేము పెద్దగా ఆలోచించలేదు. బుద్ధి ఎరిగిన నాటినుంచీ వింటున్న మాట గనుక కలం దానంతటదే నడిచింది. పత్రిక మీ చేతికి అందిన వారం రోజులకే ఉత్తరాలు మొదలైనాయి. బళ్ళారి నుంచి ఒక సోదరి, మెంతులు ముమ్మాటికీ వేడి అనీ, ఆయుర్వేదం చదివిన వారి తండ్రిగారు అలాగే చెప్పేవారనీ వ్రాశారు. బరంపురం నుంచి ఒకరు చలువే అన్నారు. హోసూరు నుంచి మరొకరు, నానితే చలువ, వేగితే వేడి అని తీర్పు చెప్పారు. షోలాపూరు సోదరులొకరు మాత్రం, "మీకు వ్రాయటానికి ఇంకేమీ దొరకలేదా?" అని అడిగారు. వారికి ఈ నెల జవాబు చెబుతున్నాము.

ఆ ఉత్తరాలన్నిటినీ బల్లమీద పరిచి చూస్తే మాకు ఒక వింత కనిపించింది. వేడి అన్నవారూ, చలువ అన్నవారూ కూడా ఒకే మాటతో ముగించారు: "ఇది అందరికీ తెలిసినదే కదా!"

ఇది నవ్వుకోవటానికి బాగానే ఉన్నది గాని, నవ్వరాని సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర బంధువులలో ఒక అమ్మాయి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. తల్లి పథ్యం పెట్టింది. వంకాయ వేడి, మునగాకు వేడి, బొప్పాయి సరేసరి. నెల్లాళ్ళకు అత్తగారు మనవణ్ణి చూడవచ్చింది. ఆవిడ లెక్కలో పెరుగు చలువ, సొరకాయ చలువ, అరటిపండు చలువ. తల్లి తింటే పిల్లవాడికి జలుబు చేస్తుంది. అత్తగారి మాట కాదనటానికి తల్లికి మొగమాటం. వియ్యపురాలి మాట తీసివేయటానికి అత్తగారికి మర్యాద అడ్డం. ఎవరి మాటా పోకుండా రెండు జాబితాలనూ కలిపారు. కలిపేసరికి ఆ పిల్ల కంచంలో మిగిలినవి అన్నమూ, నెయ్యీ, వెల్లుల్లి కారమూ. మూడో నెలలో డాక్టరమ్మగారు రక్తం పరీక్ష చేయించి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చీవాట్లు పెట్టింది. ఆ పిల్ల తిన్న పథ్యం అటు పుట్టింటిదీ కాదు, ఇటు అత్తింటిదీ కాదు. లోకంలో ఏ వంశంలోనూ లేని పథ్యం!

ఇప్పుడు అది ఎందుకు గుర్తుకు వచ్చిందంటే, మన ఇళ్ళలోని ఆచారాలను, పథ్యాలను, పండుగ పద్ధతులను చేర్చి పిల్లలకోసం ఒక చిన్న పుస్తకం వేయాలని సంఘంలో మాట నడుస్తున్నది. మంచి ఆలోచనే. కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకుంటున్న పిల్లలకు తెలుగులో అటువంటిది ఒకటి ఇంట్లో ఉండాలి. ముగ్గురు పెద్దలు కూర్చుని వ్రాస్తే సరిపోతుందని కొందరి అభిప్రాయం. పెద్దలయందు మాకు భక్తి తక్కువేమీ లేదు. కాని నోటిమాటకు లేని బలం అచ్చుమాటకు ఉంటుంది. రేపు ఏ బాలింత ముందైనా ఆ పుస్తకం తెరిచి, "ఇదిగో, మనవాళ్ళలో ఇది తినకూడదట" అని చూపిస్తారు. కాబట్టి "మనవాళ్ళలో" అనే మాట వ్రాసేముందు, అది నిజంగా మనవాళ్ళందరి మాటా, ఆ ముగ్గురి మాటా అని చూసుకోవద్దా?

ఓట్లు వేయిస్తే సరి అన్నాడు ఒక మిత్రుడు. ఓట్లలో ఒక చిక్కు ఉంది. పాతిక పురుళ్ళు పోసిన అమ్మమ్మగారి ఓటూ, మొన్న పెళ్ళయిన కుర్రవాడి ఓటూ ఒకటే అవుతాయి. పోనీ అమ్మమ్మగారి ఓటుకు బరువు ఎక్కువ వేద్దామంటే ఎంత ఎక్కువ? బడిలో అయితే మేష్టారి దగ్గర సరియైన జవాబుల కాగితం ఉంటుంది. దానితో పోల్చి ఎవరికి ఎన్ని మార్కులో వేస్తారు. ఇక్కడ ఆ కాగితమే లేదు. అది ఏమిటో తెలుసుకోవటానికే కదా ఈ యాతన అంతా!

సరిగ్గా ఈ చిక్కునే 1986లో అమెరికాలో ముగ్గురు కలిసి విప్పారు. కింబాల్ రోమ్నీ, సూసన్ వెల్లర్ అనేవారు మానవశాస్త్రజ్ఞులు. విలియం బాచెల్డర్ మనస్తత్వ శాస్త్రంలో గణితం చేసేవాడు. 'అమెరికన్ ఆంత్రొపాలజిస్ట్' అనే పత్రికలో వారు వ్రాసిన వ్యాసానికి ఆధారం చాలా మామూలు సంగతి. జవాబు తెలిసినవాళ్ళు ఎక్కడ ఉన్నా ఒకే మాట చెబుతారు. తెలియనివాళ్ళు తోచినది చెబుతారు గనుక తలోదారి పడతారు. అంటే ఎవరు ఎవరితో ఎన్నిసార్లు కలిశారో చూస్తే, జవాబుల కాగితం లేకుండానే ఎవరికి ఎంత తెలుసో పట్టుకోవచ్చు.

లెక్క అనగానే పుట తిప్పవద్దని సోదరీమణులకు మనవి. కూరగాయల బేరం చేసేవారికి ఇది కష్టం కాదు. పెద్దమ్మ, పిన్ని, వదిన అని ముగ్గురిని ఊహించుకుందాము. నూరు పదార్థాల పేర్లు ఇచ్చి, ఒక్కొక్కదాని పక్కన వేడి అనో చలువ అనో విడివిడిగా వ్రాయమన్నాము. పెద్దమ్మ కాగితమూ పిన్ని కాగితమూ పక్కపక్కన పెడితే 86 చోట్ల కలిశాయనుకోండి. పెద్దమ్మకూ వదినకూ 77 చోట్ల. పిన్నికీ వదినకూ 74 చోట్ల. బొత్తిగా ఏమీ తెలియని ఇద్దరు బొమ్మా బొరుసూ వేసి వ్రాసినా సుమారు 50 చోట్ల కలుస్తారు గనుక, ఒక్కొక్క అంకెలోనుంచి 50 తీసివేసి మిగిలినదాన్ని రెట్టింపు చేయాలి. 72, 54, 48 వస్తాయి. నూటికి లెక్క కాబట్టి 0.72, 0.54, 0.48 అని వ్రాసుకుందాము. రోమ్నీ ప్రభృతుల సూత్రం ప్రకారం, ఇద్దరి తెలివిడినీ గుణిస్తే వచ్చేది ఈ అంకె. ఇక మిగిలినది బడిపిల్లల పని. 0.72ను 0.54తో గుణించి 0.48తో భాగిస్తే 0.81. దాని వర్గమూలం 0.9. అంటే పెద్దమ్మకు నూటికి 90 తెలుసు. అదే దారిన పోతే పిన్నికి 80, వదినకు 60.

జవాబుల కాగితం చూడకుండానే మార్కులు వేశాము, గమనించారా?

ఇప్పుడు ఒక పదార్థం దగ్గర తగవు వచ్చిందనుకోండి. పెద్దమ్మ చలువ అన్నది, పిన్నీ వదినా వేడి అన్నారు. మన ఇళ్ళలో అయితే పెద్దమ్మ మాటే నెగ్గుతుంది. లెక్క ఏమంటుందో చూద్దాము. పెద్దమ్మకు తెలిసినవి 90; తెలియని పదింటిలో సగం అదృష్టంవల్ల ఒప్పవుతాయి. మొత్తం 95 ఒప్పు, 5 తప్పు, అనగా 19కి 1. పిన్నికి 90 ఒప్పు, 10 తప్పు, అనగా 9కి 1. వదినకు 80కి 20, అనగా 4కు 1. పిన్నీ వదినా ఒక జట్టు గనుక తొమ్మిది నాలుగులు 36. అవతల పెద్దమ్మ 19. మొగ్గు వేడివైపే! పెద్దమ్మ అందరికంటె ఎక్కువ తెలిసినదే, సందేహం లేదు. అయినా ఇద్దరు చిన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకోకుండా ఒకే మాట చెప్పినప్పుడు ఆ మాటకు అంత బరువు ఉన్నది.

ఇందులో మాకు బాగా నచ్చినది ఇంకొకటి. దీనికి వేలమంది అక్కరలేదు. సగమే తెలిసి, మిగతా సగం ఊహించి చెప్పేవారు తొమ్మిది మంది దొరికినా, ఎక్కువమంది చెప్పిన జవాబు నూటికి 95 సార్లు సరియైనదే అవుతుంది. ఇదీ లెక్క వేసి చూడవచ్చు. మేము రెండుసార్లు వేశాము. మనుషులు పెరిగితే జంటలు పెరుగుతాయి గనుక గుణకారాలు చేతితో సాగవు. కంప్యూటరు క్షణంలో చేసిపెడుతుంది.

అయితే షరతులున్నాయి. మొదటిది, ఎవరి జవాబు వారిదే కావాలి. అత్తగారిని సావిట్లో కూర్చోబెట్టి నలుగురు కోడళ్ళనూ వరుసగా పిలిచి అడిగితే అయిదు కాగితాలూ ఒకేలాగుంటాయి. అది అయిదుగురి మాట కాదు, ఒక్కరి మాటకు నాలుగు నకళ్ళు. రెండోది, ఊహించేవారు రెండువైపులా సమంగా ఊహించాలి. మా ఎరికలో ఒక పెద్దాయన ఉన్నారు. ఏ పదార్థం పేరు చెప్పినా "వేడి" అంటారు, చివరకు కొబ్బరినీళ్ళు కూడా. అటువంటివారు ఎక్కువైతే సూత్రం తడబడుతుంది. మూడోదే ముఖ్యమైనది. అందరికీ ఒకే జవాబుల కాగితం అసలంటూ ఉండాలి. అది ఉన్నదో లేదో కూడా ఆ లెక్కలోనే తేలుతుంది. ఉంటే ఒక అంకె పెద్దదిగా వచ్చి, రెండోది దానికి చాలా దూరంలో ఉంటుంది. మొదటిది రెండోదానికి మూడు రెట్లయినా ఉండాలని వాడుక. ఎవరి తెలివిడీ సున్నకు దిగువకు పోకూడదు.

ఇక్కడే గ్వాటెమాలా కథ చెప్పుకోవాలి. మధ్య అమెరికాలోని ఆ దేశంలోనూ, పొరుగున ఉన్న మెక్సికోలోనూ మనకున్నట్టే వేడి, చలువ అనే మాటలున్నాయి. రోగాలలో వేడివీ చలువవీ, మందులలో వేడివీ చలువవీ. పండితులు అక్కడికి వెళ్ళి ఇది వేడి, అది చలువ అని జాబితాలు వ్రాసి పుస్తకాలలో అచ్చువేశారు. వెల్లరుగారు పట్టణవాసులైన 24 మంది స్త్రీలకు 27 జబ్బుల పేర్లు ఇచ్చి రెండు సంగతులు అడిగింది. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకునేదా, కాదా? దీనికి వేడిమందు కావాలా, చలువమందా? ఆ జవాబులనే 1986 నాటి వ్యాసంలో ఈ లెక్కలో పెట్టి చూశారు. అంటువ్యాధుల సంగతిలో ఆ స్త్రీలందరి వెనుకా ఒకే జవాబుల కాగితం ఉన్నట్టు స్పష్టంగా తేలింది. వేడి చలువల సంగతిలో తేలలేదు. లెక్క కుదరనే లేదు. వారిలో వారికి అటువంటి కాగితమే లేదన్నమాట.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు మేము కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాము. ఆ స్త్రీలలో ఏ ఒక్కరిని అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పి ఉంటుంది. ఒకరిద్దరిని అడిగి వచ్చినవాడు ధైర్యంగా జాబితా వ్రాసుకుంటాడు. వారు ఉమ్మడిగా పంచుకున్నది వేడి, చలువ అనే మాటలను. ఏది ఏ గంపలో వేయాలన్నది ఎవరికి వారిదే. మన మెంతుల ఉత్తరాలకూ, ఆ అమ్మాయి కంచానికీ ఇంతకంటె దగ్గర చుట్టం మాకు కనిపించలేదు.

ఒకటి మరచిపోకూడదు. ఈ లెక్క మెంతులు ఒంటికి ఏమి చేస్తాయో చెప్పదు. జనం ఏమని నమ్ముతున్నారు, అది ఎంతవరకు ఉమ్మడి నమ్మకం అన్నంతవరకే చెబుతుంది. అందరూ కలిసి ఒకే పొరపాటు నమ్మినా, ఆ పొరపాటును అందంగా తూచి చూపిస్తుంది. బాలింత ఏమి తినాలో డాక్టరమ్మగారినే అడగాలి.

పోతే, ఒక్క కాగితం కాక రెండు కాగితాలుండటం కూడా కద్దు. మన సంగతే చూడండి. మనలో కొందరి పూర్వులు విజయనగరపు రోజులలో తమిళదేశం చేరినవారు. కొందరి తాతలు తెలంగాణం నుంచి మగ్గాలతో షోలాపూరు వచ్చినవారు. గంజాంవారు ఎక్కడికీ కదలనేలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఎల్లయే వారిని దాటి అవతలికి పోయింది. ఇన్ని దారులవారి కాగితాలను ఒక గంపలో పోసి సగటు తీస్తే ఏమవుతుంది? మా బంధువులమ్మాయి కంచంలాగే అవుతుంది. లెక్కలో రెండో అంకె కూడా పెద్దదిగా వస్తే, ఇక్కడ రెండు కుటుంబాల పద్ధతులు కలిసి ఉన్నాయని అర్థం. విడదీసి రెండు పట్టికలుగా వేయాలి. పుస్తకానికి మరో నాలుగు పుటలు పెరిగితే కొంప మునగదు.

ఇంతవరకు ఏది ఉమ్మడి అనే మాట. ఉమ్మడివాటిలో ఏది నడిమి స్తంభం, ఏది చూరు అన్నది ఇంకొక ప్రశ్న. దీన్ని ఫ్రాన్సువారు పట్టుకున్నారు. (ఈ పేర్లు పలకటం మాకంటె యానాం పాఠకులకు బాగా చేతనవును.) సెర్జ్ మొస్కొవిచి 1961లో, మనస్సును గురించిన ఒక కొత్త శాస్త్రం సామాన్యజనం నోళ్ళలో పడి ఎట్లా మారుతుందో పెద్ద గ్రంథం వ్రాసి దారి తీశాడు. జాన్ క్లోడ్ అబ్రిక్ 1976లో, ప్రతి ఉమ్మడి నమ్మకానికీ నడుమ ఒక గింజ ఉంటుందనీ, దాని చుట్టూ ఉన్నవి మారినా ఫరవాలేదుగాని గింజ మారితే నమ్మకమే మారుతుందనీ ప్రతిపాదించాడు. ఆ గింజను కనుక్కోవటం ఎట్లా? మాట చెప్పగానే తోచిన పదాలు వ్రాయమని, ఏ పదం ఎంతమంది వ్రాశారు, ఎన్నోదిగా వ్రాశారు అని రెండువిధాల లెక్కించటం ఒక పద్ధతి. పియెర్ వెర్జెస్ డబ్బు అనే మాటమీద 1992లో అట్లా చేశాడు. ఎక్కువమంది, ముందుగా వ్రాసిన పదాలు గింజలోవి కావచ్చు.

కావచ్చు, అంతే. పాస్కల్ మోలినే అనే ఆయన 1989లో ఇంకొంచెం గడుసుగా అడిగాడు. ఆదర్శమైన స్నేహబృందం ఎట్లా ఉంటుందంటే జనం తరచుగా చెప్పేవాటిలో రెండున్నాయి: అందులో పెద్ద చిన్న ఉండరు, అందరి అభిప్రాయాలూ కలుస్తాయి. రెండూ ఇంచుమించు సమానంగానే చెబుతారు. అటువంటి బృందాన్ని వర్ణించి చెప్పి, చివర "అయితే వాళ్ళకొక నాయకుడున్నాడు" అంటే, అది ఆదర్శబృందం కాదన్నారు. "అయితే వాళ్ళ అభిప్రాయాలు వేరు" అంటే, ఫరవాలేదు, ఆదర్శమే అన్నారు. ఎక్కువసార్లు నోట వచ్చినంత మాత్రాన స్తంభం కాదు. తీసివేసి చూస్తేనే తెలుస్తుంది.

మన పుస్తకానికి ఈ అడగటం ఎంత పనికివస్తుందో! ఉగాది అంటే ఏమిటని అడిగితే మన పిల్లలు తలంట్లు, కొత్తబట్టలు, మామిడాకులు, వేపపువ్వు పచ్చడి, పంచాంగశ్రవణం అని అప్పజెబుతారు. అట్లా కాక తిరగవేసి అడగాలి. ఒక ఇంట్లో కొత్తబట్టలు కట్టలేదు, ఉగాది చేసినట్టేనా? పంచాంగం చదవలేదు, చేసినట్టేనా? పచ్చడి చేయలేదు, చేసినట్టేనా? మేము మా యింట్లో అడిగి చూశాము. మా అబ్బాయి మూడింటికీ చేసినట్టే అన్నాడు. వాళ్ళమ్మ మూడో ప్రశ్నకు జవాబు చెప్పకుండా మావైపు ఒక చూపు చూసింది.

సరే, ఇక అసలు పని. కింద పేర్కొన్న ఇరవై పదార్థాల పేర్లు ఒక కాగితంమీద వరుసగా వ్రాసి, ఒక్కొక్కదాని ఎదుట వేడి అనో చలువ అనో ఒక్కమాట వ్రాసి మాకు పంపండి: మెంతులు, పెరుగు, ఉల్లిపాయ, వెల్లుల్లి, రాగులు, సజ్జలు, పెసలు, ఉలవలు, నువ్వులు, బెల్లం, వంకాయ, బెండకాయ, సొరకాయ, మునగాకు, గోంగూర, అరటిపండు, మామిడిపండు, బొప్పాయి, ఖర్జూరం, జీలకర్ర. రెండూ కాదనిపించినా ఏదో ఒకటి వ్రాయండి. ఇంట్లో ఎందరున్నా తలా ఒక కాగితం, ఒకరిది ఒకరు చూడకుండా. పేరు అక్కరలేదు, వయస్సు, ఉంటున్న ఊరు, ఇంటి పెద్దల స్వస్థలం తెలిస్తే చాలు. అత్తాకోడళ్ళు వేరువేరు కవర్లలో పంపితే మరీ మంచిది. తపాలా ఖర్చుకు జంకవద్దు. వచ్చినవాటిని జంటలు జంటలుగా పెట్టి లెక్క వేసి, ఎట్లా తేలితే అట్లా ఇక్కడే ప్రకటిస్తాము. లెక్క కుదరకపోతే కుదరలేదనే అచ్చువేస్తాము. పథ్యాల అధ్యాయం అంతవరకు ఆపవలసిందని పుస్తకం సంగతి చూసే మిత్రులకు ఇప్పటికే చెప్పి ఉంచాము.

మా యింటి కాగితాలు మూడు సిద్ధంగా ఉన్నాయి. నాలుగోది మా యింటావిడది. వ్రాసి, మడిచి, ఉప్పుజాడీ కింద పెట్టింది. మేము ఇంకా చూడలేదు.